గట్టు దారికి కట్టిన గొలుసు

"తోసింది మీరే కదా? నోటితో చెప్పక్కర్లేదు. అవునంటే ఒకసారి కళ్ళు ఆర్పండి, చాలు."

ఇన్‌స్పెక్టర్ రాస్మస్ ఎక్‌మన్ పొద్దుట్నుంచి ఈ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టడం ఊరి పోలీసు తుయిరే ఎప్పుడో మానేసింది. గోడకి ఆనుకొని, చేతులు కట్టుకొని, ఆసుపత్రి మంచం మీది ముసలి తౌనోనే చూస్తోంది. పక్షవాతం ఒక్క దెబ్బకి ఆయన కుడిచేతినీ కుడికాలినీ మాటనీ పట్టుకుపోయింది. ఎడమచెయ్యి మాత్రం దుప్పటి మీద ఊరుకోకుండా తడుముకుంటోంది. కళ్ళు తలుపు వైపే ఉన్నాయి.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఆవలింత వచ్చినా మనిషి కళ్ళు మూసుకుంటాడు. అది కూడా నేరం ఒప్పుకున్నట్టే రాసుకుంటారా?"

"మీ ఊరివాడని వెనకేసుకొస్తున్నారు, తుయిరే గారూ."

"మా ఊరివాడే మరి. చిన్నప్పుడు నాకు గేలం వెయ్యడం నేర్పింది ఆయనే. మీరు హెల్సింకీ నుంచి నిన్న దిగారు. ఆయన కోపం మీకు కాగితం మీద తెలుసు, నాకు ఆయన తెలుసు."

ఆ కోపం సంగతి హాపలహ్తి ఊళ్ళో అందరికీ తెలుసు. తౌనో, ఇల్పో ఒక తల్లి బిడ్డలు. పందొమ్మిదేళ్ళుగా ఎడమొహం పెడమొహం. అన్న ఇల్పోకి సైకిల్ పిచ్చి. దుంగల లారీలు తిరిగి వదిలేసిన కంకర దారులన్నీ వెతికి, ఒకదానికొకటి కలిపి, అడవుల్లోంచీ సరస్సుల పక్కనుంచీ రోజుల తరబడి తొక్కగలిగేంత సైకిల్ దారి గీశాడు. ఎక్కడెక్కడి వాళ్ళో లావు టైర్ల సైకిళ్ళేసుకొని రావడం మొదలుపెట్టారు. ఆ దారి మొత్తంలో అందమైన ముక్క, రెండు సరస్సుల నడుమ పొడుగ్గా సాగే ఇసుక గట్టు. ఆ గట్టు తౌనోది. కింద రేవులో ఏటేటా గుడ్లు పెట్టే కుయిక్కా నీటిపక్షుల జంట, ఈ సందడికి బెదిరి ఒక వేసవిలో రావడం మానేసింది.

"అడవిలో ఎవరైనా తిరగొచ్చు, అది ఈ దేశంలో పుట్టినవాడి హక్కు" అన్నాడు ఇల్పో.

"ఆ దారి మూసిన రోజున నా గడప తొక్కు. అంతదాకా నువ్వెవరో నేనెవరో" అన్నాడు తౌనో. ఇద్దరూ పంతంలో ఒకరికొకరు తీసిపోరు, దాంతో ఊళ్ళో పెళ్ళిళ్ళకీ చావులకీ వాళ్ళని రెండు వేర్వేరు బల్లల దగ్గర కూర్చోబెట్టడం అందరికీ అలవాటైపోయింది.

మొన్న సాయంత్రం ఇల్పో సైకిలెక్కి వెళ్ళాడు, ఇంటికి రాలేదు. సైకిల్ గట్టు కింద నీళ్ళలో దొరికింది. పైన, దిగుడు మొదలయ్యే చోట, దారికి అడ్డంగా ఒక ఇనుప గొలుసు కట్టి ఉంది. దాని మీద ఇల్పో సైకిల్ నీలిరంగు గీరుకుపోయి ఉంది. నిన్న తెల్లారగట్ల పెద్దరోడ్డు పక్కన స్పృహలేకుండా పడి ఉన్న తౌనోని తపాలా వ్యాను అతను చూశాడు.

రాస్మస్ వేళ్ళు మడిచి చెప్పాడు. "గొలుసు తాళంచెవి ఈయన జేబులో ఉంది. అన్నగారి చేతితొడుగులు ఇంకో జేబులో ఉన్నాయి. గొలుసు కట్టాడు, అన్న పడ్డాడు, నీళ్ళలోకి తోశాడు, పారిపోతుంటే ఒళ్ళు ఎదురు తిరిగింది. ఇంకేం కావాలి మీకు?"

"దేని మీద పారిపోయాడు?"

"సైకిల్ మీద. రోడ్డు మీద ఆయన పక్కనే ఒకటి పడి ఉందిగా."

"సైకిల్ పేరెత్తితే మొహం తిప్పుకునే మనిషి, పారిపోవడానికి ఇంట్లో ఉన్న కారు వదిలేసి సైకిలెక్కాడా? అదీ గాలి సరిగా లేని పాత ఆడవాళ్ళ సైకిల్. ఎవరిదో కనుక్కున్నారా?"

రాస్మస్ నీళ్ళు నమిలాడు. "పాత తుక్కు. ఎక్కడో కొట్టేసి ఉంటాడు."

అప్పుడే నేల తుడిచే ఆవిడ లోపలికొచ్చింది. ఒక మూల తుడిచి, కర్రని తలుపుకి ఆనించి, బకెట్ మార్చుకోవడానికి వెళ్ళింది. అంతే, తౌనో గొంతులోంచి ఒక కేక లేచింది. మాట కాదు, మూలుగు కాదు. ఎడమచేత్తో దుప్పటి విసిరేసి మంచం దిగబోయాడు. నర్సు పరుగెత్తుకొచ్చి పట్టుకుంది.

"నిన్నట్నుంచీ ఇంతే. ఉన్నట్టుండి ఇలా అయిపోతాడు పాపం" అంది.

"చేసిన పాపం కదా, నిద్ర పట్టనివ్వదు" అన్నాడు రాస్మస్.

తుయిరేకి ఏం తోచిందో, వెళ్ళి ఆ కర్రని తలుపు దగ్గర్నుంచి తీసి నేల మీద పడుకోబెట్టింది. తౌనో ఆగిపోయాడు. ఆమెనే చూస్తున్నాడు. చెంపల మీదికి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు. తుయిరే తన చేతిరుమాలుతో తుడిచింది.

"ఏదో చెప్తున్నావు బాబాయ్. నా బుర్రకే అందట్లేదు. కాస్త ఓపిక పట్టు, నేను వస్తా."

"ఓపిక సాయంత్రం దాకానే" అన్నాడు రాస్మస్, కోటు వేసుకుంటూ. "కాపలా పెట్టి జిల్లా ఆసుపత్రికి తరలిస్తున్నాం. అడవిలో గాలింపు ఆపేశాను, మనుషులందర్నీ నీళ్ళ దగ్గరికి పంపాను."

"ఇల్పో బతికి ఉంటేనో?"

"రెండు రాత్రులు మంచు గడ్డకట్టింది. డెబ్బై దాటిన మనిషి. బతికుంటే ఎక్కడున్నాడు చెప్పండి? అడవంతా గాలించింది మీవాళ్ళే. మీరు కూడా ఉన్నారు."

నిన్న మధ్యాహ్నం గట్టు పక్కన గాలించిన గుంపుకి ముందు నడిచింది తుయిరేనే.

*

ఇల్పో భార్య ఇర్యా ఇంటి తలుపుకి చీపురు ఆనించి ఉంది. తుయిరే మెట్లు కూడా ఎక్కలేదు. సరస్సు ఒడ్డున ఉన్న చెక్కవంతెన మీదికి వెళ్ళి నిలబడింది. ఇల్పో పడవ అక్కడే నీళ్ళలో ఊగుతోంది. ఎప్పుడూ దాన్ని చూస్తే నవ్వొచ్చేది, ఏనుగుని కట్టేసినట్టు అంత లావు గొలుసుతో కట్టేవాడు. ఇప్పుడు బట్టలారేసే తాడుతో కట్టి ఉంది.

"బయట నిలబడి గడ్డకట్టుకుపోతున్నావేమే? తలుపుకి తాళం వెయ్యలేదుగా, లోపల కూర్చుంటే ఎవరు కాదంటారు?" ఇర్యా పక్కింటి వైపు నుంచి పాలచెంబుతో వస్తోంది. రెండ్రోజుల్లో మనిషి సగమైంది. నోరు మాత్రం తగ్గలేదు.

"చీపురు పెట్టి ఉంది కదా పిన్నీ."

"అవునులే. నేను ఇంట్లో లేనని పెట్టిందేగా, ఇప్పుడొచ్చాను. రా." చీపురు తీసి పక్కన పెట్టి లోపలికి దారితీసింది. కాఫీ పోసి, బియ్యపు గంజి పెట్టి కాల్చిన రొట్టెలు ముందుకి తోసింది. తాను ముట్టలేదు.

"పిన్నీ, ఒక్కటడుగుతా. తౌనో బాబాయ్ చేశాడనుకుంటున్నావా?"

ఇర్యా కాఫీ కప్పు పక్కకి జరిపింది. "వాడికి ముక్కు మీద కోపం. నిజమే. కానీ మా పెళ్ళైన కొత్తలో ఇల్పోకి న్యుమోనియా వస్తే, మంచులో స్కీలేసుకొని డాక్టర్ కోసం వెళ్ళింది వాడే. ఆ సంగతి ఇద్దరూ మర్చిపోయారు. నేను మర్చిపోలేదు." గబుక్కున లేచి పొయ్యిలో కట్టె వేసింది. "మొన్న ఈయన పోతూ పోతూ ఏమన్నాడో తెలుసా? 'ఒక పని మిగిలిపోయింది, చేసొస్తా' అన్నాడు. ఏం పని అంటే ఈల వేసుకుంటూ పోయాడు. పైగా నా బట్టల తాడు పట్టుకుపోయి పడవకి కట్టాడు. రానీ, చెప్తా ఆయన పని."

రానీ అన్నాక ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుయిరే ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాసేపయ్యాక ఫోనులో ఒక ఫొటో తీసి చూపించింది.

"ఈ సైకిల్ ఎవరిదో తెలుసా? తౌనో బాబాయ్ పక్కన దొరికింది."

ఇర్యా కళ్ళజోడు సవరించుకుంది. "ఓరి దేవుడా! ఇది మా అత్తగారిది. సీటు మీద ఈ కుట్టు నేనే వేశాను. ఇది రేవు ఇంట్లో ఉండాలే! కట్టెల కొట్టంలో."

"రేవు ఇల్లంటే, గట్టు కింద ఉన్న ముసలమ్మ ఇల్లేనా?"

"అదే. అత్తగారు పోయాక అన్నదమ్ములు పడలేదుగా, వీడు వెళ్తాడని వాడూ, వాడు వెళ్తాడని వీడూ అటు తొంగిచూడలేదు. తలుపుకి ఇంత తాళంకప్ప. చెవి ఇద్దరి దగ్గరా ఒక్కోటి ఉంది."

"ఎవరూ వెళ్ళరా? ఎప్పుడూ?"

"కిటికీలకి చెక్కలు కొట్టేసి ఏళ్ళయింది. ఎవరు వెళ్తారు?"

తుయిరే చేతిలో కప్పు బల్ల మీద చప్పుడు చేసింది. నిన్న మధ్యాహ్నం గట్టు దారి మీద నిలబడి చెట్ల సందులోంచి ఆ ఇంటి వైపు చూసింది ఆమే. తలుపుకి చీపురు ఆనించి కనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు అనుకుని, ఇంకేమీ అనుకోకుండా, గుంపుని వెనక్కి తిప్పింది. ఆ ఇల్లు ముసలమ్మదని తెలుసు గాని, వేసవి విడిది కింద ఎవరో వాడుకుంటున్నారనుకుంది.

ఏళ్ళ తరబడి మూసేసిన ఇంటికి చీపురు ఎవరు పెడతారు? ఇప్పుడే వెళ్ళి ఇప్పుడే వచ్చేవాళ్ళు పెడతారు. పొద్దున తౌనో నేల తుడిచే కర్రని చూసి ఎందుకు కేక పెట్టాడో ఆమెకి అప్పుడు అర్థమైంది.

"పిన్నీ, కోటు వేసుకో. దుప్పట్లున్నాయా? తీసుకురా."

"ఎక్కడికే? ఏమైంది?"

"తెలీదు. ఆశ పెట్టుకోకు. కానీ త్వరగా రా."

*

రేవు ఇంటికి కూతవేటు దూరంలో, నీళ్ళ మీద ఈతగాళ్ళ పడవ తిరుగుతోంది. ఒడ్డున రాస్మస్ ఫోనులో మాట్లాడుతున్నాడు. కారు దిగి పరుగు పెడుతున్న ఇద్దరు ఆడవాళ్ళని చూసి ఫోను పెట్టేసి ఎదురొచ్చాడు.

"ఆవిణ్ణి ఎందుకు తెచ్చారు? శవం బయటికి తీసేటప్పుడు భార్య ఇక్కడ ఉండకూడదని మీకు నేను చెప్పాలా?"

"దారి వదలండి."

"తుయిరే గారూ, ఇది నా కేసు..."

"మీ కేసే. ఉంచుకోండి. దారి వదలండి!"

ఆమె గొంతు అంత పైకి లేవడం రాస్మస్ ఈ రెండ్రోజుల్లో వినలేదు. పక్కకి తప్పుకున్నాడు, కానీ వెంటే వచ్చాడు.

ఇంటి గోడ పక్కన ఒంటిచక్రం బండి ఉంది. తుయిరే ఒక్క క్షణం ఆగింది. బండిలో గొర్రెతోలు పరిచి ఉంది, బొచ్చు పైకి పెట్టి. తలవైపు మడత పెట్టిన ఉన్ని చొక్కా. చక్రం గాడి గట్టు దిగుడు నుంచి తిన్నగా ఇంటి దాకా వచ్చింది, నీళ్ళ వైపు వెళ్ళనే లేదు.

"ఇది చూశారా మీరు?" అంది రాస్మస్‌తో.

"ఆ గాడి చూశాం. సైకిల్ టైరనుకున్నాం."

"శవానికి ఎవరూ మెత్త వెయ్యరు, ఇన్‌స్పెక్టర్ గారూ."

తలుపుకి చీపురు అలాగే ఆనించి ఉంది. దాని వెనక తాళంకప్ప తెరిచి కొక్కేనికి వేలాడుతోంది. దారి మీంచి చూస్తే కనపడదు. మెట్లెక్కితే కనపడేది.

"ఇక్కడ చూశారని రాశారే" అన్నాడు రాస్మస్ అయోమయంగా. "నిన్న ఒకసారి, పొద్దున ఒకసారి. లోపల చూడలేదా?"

"చీపురుంది."

"అయితే?"

"చీపురుంటే ఇంట్లో ఎవరూ లేనట్టు. ఎవరూ లేని ఇంట్లోకి మేం వెళ్ళం." చెప్తుంటే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది. "తౌనో బాబాయ్ చెయ్యి కూడా అదే చేసింది. లోపల మనిషిని పడుకోబెట్టి, సాయం కోసం బయల్దేరుతూ, పుట్టినప్పట్నుంచీ చేసే పనే చేసింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచాకే తానేం చేశాడో ఆయనకి గుర్తొచ్చి ఉంటుంది. చెప్పడానికి నోరు లేదు."

రాస్మస్ నుంచి ఎత్తిపొడుపు వస్తుందనుకుంది. అతను చీపురు తీసి పక్కన పెట్టి, తలుపు ఆమెకి వదిలి తప్పుకున్నాడు.

*

లోపల చీకటి. ముందు తగిలింది వెచ్చదనం. రొట్టెలు కాల్చే పాతకాలం ఇటుక పొయ్యి, నిప్పు ఆరి ఎంతసేపైనా, ఇంకా పూర్తిగా చల్లారలేదు. దాన్ని ఆనుకొని ఉన్న బల్ల మీద ఇంట్లో దొరికిన గుడ్డలన్నీ గుట్టగా పోసి ఉన్నాయి. కిటికీ తెరలు, చాపలు, ముసలమ్మ పాత కోటు. పక్కన నీళ్ళ చెంబు, ముప్పావు వంతు ఖాళీ. గుట్ట కింద నుంచి ఒక చిన్న గొంతు వచ్చింది.

"తౌనో... వచ్చావా?"

ఇర్యా చేతిలో దుప్పట్లు కింద పడ్డాయి. మోకాళ్ళ మీద కూలబడి ఆ గుడ్డల్లోంచి భర్త మొహం వెతుక్కుంది. జ్వరంతో కాలిపోతోంది, గెడ్డం మాసిపోయింది, కానీ కళ్ళు తెరిచి ఉన్నాయి. ఆమె రెండు చేతులతో ఆ మొహం పట్టుకొని, ఏడుస్తూ, ముందు తిట్టింది.

"ముసలాడా! నా బట్టల తాడు ఎందుకు పట్టుకెళ్ళావు?"

"పడవకి... గొలుసు తీసేశా కదే. దేంతో కట్టను?"

తుయిరే, రాస్మస్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తుయిరే బల్ల పక్కన వంగింది.

"ఇల్పో బాబాయ్, ఎక్కడ దెబ్బ తగిలింది?"

"తుంటి... కదల్లేను. పిలిచారమ్మా నిన్న బయట, విన్నా. పలికా. మీ కేకల మోతలో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది..."

తుయిరేకి తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూడటం కష్టమైంది. రాస్మస్ అప్పటికే అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూ గుమ్మం దాటాడు. మాట్లాడి తిరిగి వచ్చి, ఆమె వెనకే నిలబడ్డాడు. అతను అడగాల్సిన ప్రశ్న ఆమే అడిగింది.

"బాబాయ్, గట్టు మీద గొలుసు ఎవరు కట్టారు?"

ఇల్పో పెదాలు ఎండిపోయాయి. ఇర్యా నీళ్ళు తాగించింది. ఆయన మొహంలో, అంత నొప్పిలోనూ, దొంగతనం చేసి దొరికిపోయిన పిల్లవాడి సిగ్గు కనిపించింది.

"నేనే. నా పడవ గొలుసే. డెబ్బై దాటింది, ఇంకెన్నాళ్ళీ పంతం అనిపించింది. దారి మూసేశా. గట్టు చుట్టూ తిరిగి పోయేలా కొత్త దారి గీశా. తాళంచెవి పట్టుకెళ్ళి తమ్ముడి చేతిలో పెట్టా. 'ఇదిగోరా, నీ గట్టు నీదే' అన్నా. వాడు పక్కకి జరిగి గడప లోపలికి రానిచ్చాడు. కాఫీ పోశాడు. అమ్మ కప్పులో పోశాడే, ఇర్యా! పొద్దుపోయేదాకా కూర్చున్నాం."

"మరి ఎలా పడ్డావు?"

"వెళ్ళేటప్పుడు దాని మీంచి దాటే వెళ్ళా. వచ్చేటప్పుడు మర్చిపోయా." ఆయన నవ్వబోయి మూలిగాడు. "ఆ దిగుడు నలభై ఏళ్ళుగా దిగుతున్నా. సంతోషంలో బ్రేకు కూడా వెయ్యలేదు. కట్టింది నేనే, మర్చిపోయింది నేనే. చేతితొడుగులు వాడి బల్ల మీద వదిలేసి వచ్చా. అవి ఇవ్వడానికే వాడు వెనకాల నడిచొచ్చాడు, లేకపోతే అక్కడే చచ్చేవాణ్ణి. నా ఫోను నీళ్ళలో పోయింది, వాడికి ఫోనే లేదు. చీకట్లో గట్టెక్కి ఇంటికి పోయి కారు తెచ్చేకంటే పెద్దరోడ్డే దగ్గరని అమ్మ సైకిలెక్కాడు. పందొమ్మిదేళ్ళ తర్వాత! కిటికీ చెక్క సందులోంచి విన్నా, దాని గంట మోగింది... వాడేడీ? ఇంతసేపేంటి వాడు?"

జవాబు చెప్పింది రాస్మస్. టోపీ తీసి చేత్తో పట్టుకొని, ఆయనకి వినపడేంత దగ్గరికి వంగాడు.

"మీకోసం వెళ్తూ దారిలో పడిపోయారండీ. పక్షవాతం. ప్రాణానికి ఫరవాలేదు. మాట పోయింది. ఆయన్ని నేను పొద్దుట్నుంచీ..." అక్కడ ఆగిపోయాడు. తుయిరే వైపు తిరిగి, "ఆ కాపలా తీసేయమని చెప్తాను" అన్నాడు.

"ముందు ఆసుపత్రి నర్సుకి ఫోన్ చెయ్యండి. ఫోను తౌనో బాబాయ్ చెవి దగ్గర పెట్టమనండి."

రాస్మస్ నంబరు నొక్కి, నర్సుతో రెండు ముక్కలు మాట్లాడి, ఫోను ఇల్పో బుగ్గకి ఆనించి పట్టుకున్నాడు. అవతల ఊపిరి వినిపిస్తోంది. పెద్దగా, తెగి తెగి వస్తోంది.

"ఒరే తౌనో" అన్నాడు ఇల్పో. "నేన్రా. చీపురు తీసేశార్రా. నేను లోపలే ఉన్నా, బాగానే ఉన్నా. ఇర్యా తిడుతోంది కూడా."

అవతల ఏదో శబ్దం వచ్చింది. మాటో ఏడుపో ఎవరికీ తెలియలేదు. ఇల్పో మాత్రం తల ఆడిస్తూ విన్నాడు, మధ్యలో ఒకసారి "సరేలే" అన్నాడు. కాసేపటికి నర్సు లైన్లోకి వచ్చింది. నిన్నట్నుంచీ తలుపు మీంచి చూపు తిప్పని మనిషి, ఫోను ఇంకా చెవి దగ్గరే ఉండగా, నిద్రలోకి జారుకున్నాడని చెప్పింది.